బండ్ల వరుస పట్టీలు: వానిని రైతు చదువవలసిన విధము



ఈ మధ్య మేము ఏ గ్రామమునకు పోయినను, మిరప తెగులును గూర్చియు పత్తి పురుగును గూర్చియు అడిగిన పిమ్మట రైతులు మరియొక ప్రశ్న వేయుచున్నారు. ఫలానా బండి మన్నికలో మొదటి స్థానమట. ఫలానాది పదునైదవ స్థానమట. కరెంటు బండ్లు మూడేండ్లకే మూలబడునట. ఇది నిజమా యని వారి సందేహము. కొందరు కరెంటు బండి యన్న దానికి తిరుగే లేదందురు. మరికొందరు అది ఇంటిలో నిప్పు పెట్టుకొనుటయే యందురు. ఇరువురును తమ మాటకు ఏదో యొక పట్టీని సాక్ష్యముగా చూపుదురు.

సంఘమునందు అప్పు తీసికొని సరకుల ఆటోనో, మోటారు బండినో కొనదలచిన వానికి ఇది ఊసుపోని ముచ్చట కాదు. బండి నడిచినను వాయిదా వచ్చును, ఆగినను వాయిదా వచ్చును. బండి పది దినములు మెకానికు వద్ద పడియుండెనేని, కూరగాయలు పాడగును, మిరపబస్తాలు కల్లములో నిలుచును, వడ్డీ మాత్రము నిలువదు. కావున ఈ మాసపు పాఠమును ఈ విషయమునకే వినియోగించుచున్నాము. ఏ బండి కొనవలయునో చెప్పుట మా యుద్దేశము కాదు. బండిని గూర్చి యితరులు చెప్పిన మాటను ఎట్లు తూచవలయునో చెప్పుటయే మా యుద్దేశము.

1. పట్టీ ఎట్లు పుట్టును?

పట్టీ వ్రాయువారు బండ్లను విప్పి, భాగములను పరీక్షించి వ్రాయుదురని మనలో పెక్కురు తలంచుచున్నారు. అది సరికాదు. మన్నికను గూర్చిన పేరుపొందిన పట్టీలు పెక్కు ప్రశ్నోత్తరములనుండి పుట్టినవి.

అమెరికాలో జే. డీ. పవర్ అను సంస్థ 1968వ సంవత్సరమున స్థాపింపబడినది. అది మూడేండ్లు వాడిన కార్ల మొదటి యజమానులను ప్రశ్నించి, గడచిన పండ్రెండు నెలలలో వారి బండికి కలిగిన లోపములను తెలిసికొని, నూరు బండ్లకు ఎన్ని లోపములో లెక్క కట్టును. తక్కువ సంఖ్య వచ్చినవాడు మొదటివాడు. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్కకు 30,000 మందికి పైగా యజమానులు జవాబులిచ్చిరి. అన్ని కార్లకును కలిపి సగటు నూటికి 190 లోపములు. పెట్రోలు కార్లకు 187. బ్యాటరీ కార్లకు 256.

ఈ సంఖ్యలు వినగానే భయము కలుగును. కాని భయపడుటకు ముందు లెక్క చూడవలయును. నూటికి 187 అనగా బండికి ఒకటి ముప్పాతిక కంటె కొంచె మెక్కువ. నూటికి 256 అనగా బండికి రెండున్నర. పది బండ్లను తీసికొన్నచో, సంవత్సరమునకు ఇంచుమించు ఏడు లోపములు ఎక్కువ. ఇది గమనింపదగిన భేదమే. కాని ఒకటి మంచిది, ఒకటి చెడ్డది యని కోసివేయునంతటి భేదము కాదు.

ఇక లోపమనగా నేమి? ఇంజను బిగుసుకొనుట యొక లోపము. చేతి ఫోను బండిలోని తెరకు కలియకపోవుటయు నొక లోపమే. లెక్కలో రెండును ఒకటే. ఆ లెక్కలో అధికముగా లోపములు కనబడిన భాగము ఇంజనును కాదు, మోటారును కాదు. పాటలు, పటములు చూపు తెర. దుమ్ముగూడెము దారిలో బస్తాలు మోయు ఆటోకు ఆ తెరతో పని యేమి? కావున పట్టీలో చివర నిలిచిన బండి మన పనికి చివరిది కానక్కరలేదు. ముందు నిలిచినది మన పనికి ముందుది కానక్కరలేదు.

2. స్థానము వేరు, భేదము వేరు

ఉదాహరణకు తొమ్మిది కంపెనీలున్న వనుకొందము. మొదటి దానికి నూటికి 180 లోపములు, తొమ్మిదవ దానికి 188 లోపములు. పట్టీలో ఒకటి శిరస్సున నుండును, రెండవది పాదమున నుండును. కాని యథార్థ భేదమెంత? నూరు బండ్లకు 8 లోపములు. అనగా పన్నెండు, పదమూడు బండ్లకు ఒక లోపము. నీవు కొనునది ఒక్క బండి. ఆ భేదము నీ యింటి ముంగిటికి రావచ్చును, రాకపోవచ్చును. స్థానమును మాత్రమే చెప్పి సంఖ్యను చెప్పని పట్టీ, తూకము చెప్పక బస్తాల వరుస చెప్పిన వర్తకుని వంటిది.

మరియు కంపెనీ పేరిట ఇచ్చిన సగటు వేరు, నీవు కొను రకము వేరు. ఒక విత్తన కంపెనీ పత్తి విత్తనము చక్కగా మొలచినదని దాని మిరప విత్తనమును కన్నుమూసికొని కొందుమా? ఒకే కంపెనీ అయిదు రకముల బండ్లు చేయును. వానిలో మూడు గట్టివి, రెండు బలహీనములు కావచ్చును. సగటునందు ఈ భేదము మునిగిపోవును.

కాలమును గూర్చియు ఆలోచింపవలయును. మూడేండ్ల బండిని గూర్చిన పట్టీ మూడేండ్ల క్రిందట తయారైన దానిని గూర్చియే చెప్పును. అంతలో కంపెనీ బ్యాటరీని మార్చియుండవచ్చును, కర్మాగారమును మార్చియుండవచ్చును. క్రొత్తగా పుట్టిన కంపెనీకి మూడేండ్ల చరిత్రయే యుండదు. అట్టి బండిని ఎవరైనను మన్నికలో శ్రేష్ఠమన్నచో, విత్తిన మరునాడే దిగుబడి చెప్పినట్లు.

గోడలమీదను పత్రికలలోను కనబడు బిరుదులను గూర్చి యొక మాట. అమెరికాలో అట్టి బిరుదును ప్రకటనలలో చూపుకొనదలచిన కంపెనీ, పట్టీ వ్రాసిన సంస్థకు రుసుము చెల్లించి అనుమతి పొందును. ఇంతమాత్రమున లెక్క తప్పని మేము అనము. కాని గెలిచినవాడు తన స్థానమును గోడమీద వ్రాయించుకొనును, ఓడినవాడు వ్రాయించుకొనడు. మనకు కనబడునది సగము పట్టీ మాత్రమే.

3. ఒకే బండికి రెండు తీర్పులు

అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అను మరియొక సంస్థ కలదు. ఇది 1936లో పుట్టినది. లాభము కొరకు నడచునది కాదు. కంపెనీల ప్రకటనలను స్వీకరింపదు. తన సభ్యులనే అడిగి లెక్క కట్టును. 2023లో ఆ సంస్థ చెప్పిన దేమనగా, పెట్రోలు కార్లకంటె బ్యాటరీ కార్లకు నూటికి 79 వంతులు లోపములు ఎక్కువ. 2024లో అదే సంస్థ చెప్పినది నూటికి 42 వంతులు ఎక్కువ. ఒక్క సంవత్సరములో తీర్పు ఇంతగా మారినది. పెట్రోలును బ్యాటరీని కలిపి నడచు హైబ్రిడు కార్లకు పెట్రోలు కార్లకంటెను లోపములు తక్కువయని ఆ సంస్థయే చెప్పినది. కావున బ్యాటరీ యున్నచోటనెల్ల చెడు కలదను మాట నిలువదు.

ఇప్పుడు జర్మనీకి పోదము. అచ్చట ఏ. డీ. ఏ. సీ. అను మోటారు యజమానుల సంఘము కలదు. ఇది 1903లో స్థాపింపబడినది. దారిలో బండి ఆగిన సభ్యుని వద్దకు తన మెకానికును పంపుట దాని ముఖ్యమైన సేవ. అట్లు పోయిన ప్రతి పిలుపును అది వ్రాసి యుంచును. 2024లో వచ్చిన పిలుపులను లెక్కించి 2025లో ప్రకటించినది. రెండు మొదలు నాలుగేండ్ల వయస్సుగల కార్లలో, వేయి పెట్రోలు, డీజిలు బండ్లకు 10.4 ఆగినవి; వేయి బ్యాటరీ బండ్లకు 4.2 మాత్రమే ఆగినవి.

అమెరికా పట్టీలో వెనుకబడినది జర్మనీ పట్టీలో ముందునకు వచ్చినది. ఎవరు అబద్ధమాడిరి? ఎవరును ఆడలేదు. అమెరికావారు యజమాని చెప్పిన ప్రతి చికాకును లెక్కించిరి. జర్మనీవారు దారిలో కదలక నిలిచిన బండ్లను లెక్కించిరి. ఒకరు కుంచముతో కొలిచిరి, ఒకరు త్రాసుతో తూచిరి. కరెంటు మోటారునకు కదలు భాగములు తక్కువ. క్లచ్చు లేదు, ఇంజను ఆయిలు లేదు, పొగగొట్టము లేదు. కావున దారిలో ఆగుట తక్కువ. క్రొత్తగా చేర్చిన తెరలు, తాళపు తంత్రములు, ఛార్జింగు పరికరములు మొదలైనవి చికాకు పెట్టును. కావున ఫిర్యాదులు ఎక్కువ. జర్మనీ లెక్కలో అన్ని విధముల బండ్లును ఆగుటకు మొదటి కారణమేదో తెలియునా? పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ! కోట్ల రూపాయల పరిశోధన జరిగిన బండిని సైతము ఆ చిన్న పెట్టె ఆపివేయుచున్నది.

ఇందలి పాఠ మిది: పట్టీని చూడగానే, మొదటిది ఎవరని అడుగరాదు. ఏమి లెక్కించిరి, ఎవరిని అడిగిరి, ఎన్నేండ్ల బండ్లు, ఏ దేశపు దారులు అని నాలుగు ప్రశ్నలు వేయవలయును. నాలుగింటికిని జవాబు లేని పట్టీని పట్టీ యనరాదు, పుకారనవలయును.

4. నెబ్రాస్కా రైతు చేసిన పని

వరుస పట్టీలకంటె మేలైన మార్గమొకటి కలదు. దానిని కనుగొన్నవారు పండితులు కారు, రైతులే.

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున విల్మాట్ క్రోజియర్ అను రైతు ఉండెను. 1916 ప్రాంతమున ఆయన ఫోర్డు అను పేరుగల ట్రాక్టరు నొకదానిని కొనెను. అది కార్లు చేసిన హెన్రీ ఫోర్డు గారిది కాదు. మినియాపొలిస్ నగరమునందలి వర్తకులు ఫోర్డు అను ఇంటిపేరుగల మరియొకనిని చేర్చుకొని, ఆ పేరిట అమ్మిన బండి. పేరు గొప్పది, పని తక్కువది. క్రోజియర్ చాల ఇక్కట్లు పడెను. తరువాత ఆయన రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, 1919లో ఒక శాసనము చేయించుటలో ముఖ్యుడయ్యెను. ఆ శాసనమునకు రెండు కాళ్లు. ఒకటి, ఆ రాష్ట్రమున ట్రాక్టరు అమ్మదలచినవాడు ముందుగా దానిని విశ్వవిద్యాలయపు ఇంజనీర్ల పరీక్షకు ఇచ్చి, తాను చెప్పిన శక్తి నిజముగా ఉన్నదని చూపవలయును. రెండు, విడిభాగములను ఆ రాష్ట్రములోనే నిలువ యుంచవలయును. 1920లో మొదటి పరీక్ష పూర్తియైనది. ఆ పరీక్షలు నేటికిని లింకన్ నగరములో జరుగుచున్నవి.

గమనింపుడు. ఆ రైతు ఫలానా కంపెనీ చెడ్డదని కరపత్రము వేయలేదు. ఎవరు చెప్పినను నమ్మము, కొలిచి చూపుమనెను. విడిభాగము లేని బండి మంచి బండియైనను పనికిరాదని గ్రహించెను.

మన దేశములోను ఇట్టి ఏర్పాటు కలదు. మధ్యప్రదేశములోని బుద్నీయందు కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించును. ఆంధ్రప్రదేశములో అనంతపురము జిల్లా గార్లదిన్నెయందు దక్షిణ ప్రాంతపు సంస్థ కలదు. వారు స్థానములు ఇయ్యరు, కొలతలు ఇత్తురు. ఏ వేగమున ఎంత లాగును, గంటకు ఎంత ఇంధనము త్రాగును, ఏ భాగము ఎంత అరిగినది యని వ్రాయుదురు. ట్రాక్టరు కొనునప్పుడు పరీక్షా పత్రము చూపుమని డీలరును అడుగుట మన హక్కనియే భావింపవలయును.

2023లో దుర్గాపురమునందలి కేంద్ర యాంత్రిక పరిశోధనాలయమువారు ప్రైమా ఈటీ 11 అను చిన్న కరెంటు ట్రాక్టరును ప్రకటించిరి. ఏడెనిమిది గంటలు ఛార్జి చేసినచో పొలములో నాలుగు గంటలకు పైగా పనిచేయునని వారు చెప్పిరి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మన నల్లరేగడిలో, దమ్ము చేయునప్పుడు, ఆ నాలుగు గంటలు ఎన్ని గంటలగునో మన దుక్కిలోనే తేలవలయును.

నక్షత్రములను గూర్చి యొక భ్రమ కలదు. 2023 అక్టోబరు 1వ తేదీనుండి భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష మన దేశములో కార్లకు నక్షత్రములు ఇచ్చుచున్నది. అవి బండి గుద్దుకొన్నప్పుడు లోపలివారిని ఎంతమాత్రము కాపాడునో తెలుపును. ఆ బండి ఎన్నేండ్లు నడచునో తెలుపవు. అయిదు నక్షత్రములు గల కారు తరచుగా చెడవచ్చును. నక్షత్రములు లేని కారు ఇరువదేండ్లు నడువవచ్చును. రెండును వేర్వేరు కొలతలు.

5. నిప్పును గూర్చిన భయము

కరెంటు బండి అగ్గి పెట్టునను మాట గాలిమాట కాదు. 2022 ఏప్రిలులో నిజామాబాదునందు ఇంటిలో ఛార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. అదే మాసమున విజయవాడలో పడకగదియందు ఛార్జి పెట్టిన బ్యాటరీ పేలి మరియొకరు మరణించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన సికింద్రాబాదులో క్రింది అంతస్తునందు కరెంటు స్కూటర్ల దుకాణమున్న హోటలు భవనములో మంటలు లేచి, పొగకు ఎనిమిదిమంది చనిపోయిరి. ఆ ఏప్రిలులోనే మూడు కంపెనీలు వరుసగా 3,215, 2,000, 1,441 స్కూటర్లను వెనుకకు పిలిచి పరీక్షించిరి.

కేంద్ర ప్రభుత్వము నిపుణుల సంఘమును నియమించినది. హైదరాబాదునందలి ఏ. ఆర్. సీ. ఐ. పరిశోధన సంస్థకు అప్పటి డైరెక్టరు టాటా నరసింగరావుగారు దానికి అధ్యక్షులు. వారి సూచనలపై, రెండు మూడు చక్రముల కరెంటు బండ్లకు వర్తించు ఏఐఎస్ 156 అను ప్రమాణమును కఠినపరచిరి. మొదటి దశ 2022 డిసెంబరు 1వ తేదీనుండియు, రెండవ దశ 2023 మార్చి 31వ తేదీనుండియు అమలులోనికి వచ్చినది. సెల్లుల నాణ్యత, వేడిని కనిపెట్టి కరెంటు ఆపు పరికరము, ఒక సెల్లు మండినచో ప్రక్కదానికి ప్రాకకుండుట, ఛార్జరు భద్రత మొదలగునవి అందు చేరినవి.

దీనివలన రైతునకు ఒక స్పష్టమైన గీత దొరకినది. ఆ తేదీలకు ముందు చేసిన బండి వేరు, తరువాత చేసిన బండి వేరు. అంగడిలో ఎవడైనను పాత బండిని చౌకకు ఇత్తుననిన, తయారైన నెల, సంవత్సరము చూడుడు. 2023 ఏప్రిలుకు ముందటిదైనచో దాని చౌకతనమునకు కారణమేమో ఆలోచింపుడు. పెట్రోలు బండ్లును మండుట కలదు. ఎండుగడ్డి వాములును మండును. నిప్పు కలుగునను భయముతో గడ్డిని మానము. వామిని ఇంటికి దూరముగా వేయుదుము. బ్యాటరీకిని అదే న్యాయము.

పడకగదిలో, వంటింటిలో, వాకిలికి అడ్డముగా ఛార్జి పెట్టరాదు. అందరును నిద్రించు వేళ పెట్టరాదు. ఎండలో నడిపి తెచ్చిన వెంటనే పెట్టక, చల్లారిన పిమ్మట పెట్టవలయును. బండితో వచ్చిన ఛార్జరునే వాడవలయును. సరియైన ఎర్తు గల మూడు రంధ్రముల పెద్ద ప్లగ్గునుండియే కరెంటు తీయవలయును. పొలములోని మోటారు స్టార్టరునుండి తీగ లాగుట ప్రాణాపాయము. పెట్టె ఉబ్బినను, వాసన వచ్చినను, పొగ లేచినను, దానిని చేతితో ఎత్తుకొని పరుగెత్తరాదు. మనుష్యులను బయటికి పంపి 101కి ఫోను చేయవలయును.

6. ఎంత దూరము పోవును? చేతి వ్రేళ్లపై లెక్క

అమ్మువాడు చెప్పు దూరము పరీక్షాశాలలో కొలిచినది. మన దూరమును మనమే కట్టుకొనవచ్చును. బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియరు గంటలు అని రెండు సంఖ్యలు వ్రాసియుండును. వానిని గుణించుడు. 60 వోల్టులు, 30 ఆంపియరు గంటలైనచో, 1,800 వాటు గంటలు. అనగా ఒకటి ముప్పాతికకు కొంచెము మించిన యూనిటు. పూర్తిగా అడుగంటువరకు నడుపరాదు గనుక పదింట తొమ్మిది వంతులే లెక్కకు తీసికొందము: 1,620.

ఒక్కడు మంచి తారురోడ్డుపై నెమ్మదిగా పోవునప్పుడు కిలోమీటరునకు 27 వాటు గంటలు ఖర్చనుకొందము. 60 కిలోమీటర్లు వచ్చును. ఇద్దరు, ఒక బస్తా, గుంతల దారి, ఎగుడుదిగుడు అయినచో 40 వాటు గంటలనుకొందము. 40 కిలోమీటర్లు మాత్రమే వచ్చును. కొన్నేండ్లకు బ్యాటరీ బలము అయిదింట నాలుగు వంతులైనచో 32 కిలోమీటర్లు. భద్రాచలమునుండి కొత్తగూడెము సుమారు 40 కిలోమీటర్లు. క్రొత్తలో ఒక్కడు పోయి చేరును. బరువుతో పోయినచో చేరగానే ఛార్జి పెట్టవలయును. పాతబడిన పిమ్మట పాల్వంచ దాటునా యని చూడవలయును. ఆటోకును ఇదే సూత్రము. సంఖ్యలు మాత్రమే పెద్దవి.

ఇంతకంటె ముఖ్యమైన సంఖ్య బ్యాటరీ మార్పిడి ధర. ప్రతిదినము మిగులు పెట్రోలు డబ్బును సంతోషముతో లెక్కించి, చివరకు బ్యాటరీ ధర విని కూలబడువారు కలరు. కొనుటకు ముందే ఆ ధరను వ్రాతపూర్వకముగా తీసికొని, దానిని వారంటీ నెలల సంఖ్యతో భాగింపుడు. వచ్చినదానిని నెలసరి ఖర్చులో వేసికొనుడు. అప్పుడును లాభము కనబడినచో బండి లాభకరము, లేనిచో కాదు. టైర్లనుకూడ మరువరాదు. బ్యాటరీ బరువువలనను, మోటారు ఒక్కసారిగా లాగుటవలనను అవి త్వరగా అరుగును. పైన చెప్పిన 2024 అమెరికా లెక్కలో, బ్యాటరీ కార్ల యజమానులలో నూటికి 39 మంది ఒక్క సంవత్సరములో టైర్లు మార్చిరి. పెట్రోలు కార్లవారికంటె ఇది 19 ఎక్కువ.

తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు 18వ తేదీనుండి 2026 డిసెంబరు 31వ తేదీవరకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించినది. మినహాయింపు ధరను తగ్గించును. గుణమును పెంచదు.

7. మన ప్రాంతపు పరీక్ష

ఏ పట్టీయు ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దును చూచి వ్రాసినది కాదు. మన పరీక్షలు మూడు.

మొదటిది ఎండ. లిథియము బ్యాటరీకి వేడి శత్రువు. రోహిణీకార్తెలో రేకుల కప్పు క్రింద నిండు ఛార్జితో దినమంతయు నిలిపిన బ్యాటరీ త్వరగా ముసలిదగును. లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను రకము బరువైనను వేడికి ఓర్చును, ఎక్కువ మారులు ఛార్జికి ఆగును. ఏ రకమో అడిగి బిల్లుపై వ్రాయించుకొనుడు. బండిని వేపచెట్టు నీడన నిలుపుడు.

రెండవది వరద. 2022 జూలై 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులే. బూర్గంపహాడు, దుమ్ముగూడెము, చర్ల వైపు గ్రామములవారు దీనిని మరువరు. నీట మునిగిన కరెంటు బండిని ఎండబెట్టి వెంటనే ఛార్జి పెట్టుట మహాపరాధము. కంపెనీ మెకానికు చూచువరకు దానిని ఇంటికి దూరముగా నిలుపవలయును. భీమా పత్రములో వరద నష్టము చేరినదో లేదో ఇప్పుడే చదువవలయును.

మూడవది దూరము. పెట్రోలు బండి చెడినచో చెట్టు క్రింది మెకానికు ఏదో యొక ఉపాయముచే ఇల్లు చేర్చును. కరెంటు బండి కంట్రోలరు చెడినచో అతడేమియు చేయజాలడు. దానిని కంపెనీ సర్వీసు కేంద్రమునకు మోసికొని పోవలయును. అది కొత్తగూడెములో కలదా, ఖమ్మములో కలదా, హైదరాబాదులోనే కలదా? మన ప్రాంతమున మన్నికయనగా సగము బండిలో నున్నది, సగము ఆ కేంద్రములో నున్నది. నెబ్రాస్కా శాసనపు రెండవ కాలు ఇదియే.

8. కొనునప్పుడును, చెడినప్పుడును

ఖమ్మము మిరప యార్డులో కొనుగోలుదారు బస్తామీది పేరును చూచి ధర కట్టునా? చేయి లోపలికి పోనిచ్చి, నడుమనుండి కాయలు తీసి, విరిచి, తేమ చూచి, తాలు ఏరి, అప్పుడు ధర చెప్పును. మన సరకును వారు అట్లు చూచునప్పుడు, వారి సరకును మనము ఏల అట్లు చూడరాదు? అదే రకము బండిని రెండేండ్లు నడిపిన ముగ్గురిని వెదకి మాటాడుడు. ఎంత మెచ్చిరని కాక, ఎన్ని దినములు బండి లేక యుంటిరని అడుగుడు. నిండు బరువుతో మీ దారిలోనే నడిపి చూడుడు. వారంటీలో బ్యాటరీ బలము ఎంతకు తగ్గినచో మార్చెదరో ఆ సంఖ్యను చదువుడు. నోటిమాటను కాగితముపై వేయించుడు.

చెడినప్పుడు మౌనముగా నుండరాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కొన్న యూరిలోనే కాక, మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. 5 లక్షల రూపాయలవరకు చెల్లించి కొన్న వస్తువునకు ఫిర్యాదు రుసుము లేదు. కారణము కలిగిన రెండేండ్లలో వేయవలయును. 1915 అను సంఖ్యకు ఫోను చేసి ముందుగా సలహా పొందవచ్చును. కాని బిల్లు, వారంటీ, సర్వీసు చీటీలు లేనిచో చట్టమేమియు చేయజాలదు. చీటీలను విత్తనపు రసీదులవలె భద్రపరచుడు.

9. మన పట్టీని మనమే వ్రాయుదము

చివరకు సంఘమునకు మా మనవి. ప్రతి సంఘ కార్యాలయమునందును ఒక నోటుపుస్తక ముంచుడు. సభ్యులలో ఎవరి బండియైనను చెడినప్పుడు అయిదు సంగతులు వ్రాయింపుడు: బండి రకము, కొన్న నెల, నడిచిన కిలోమీటర్లు, చెడిన భాగము, బండి లేక గడచిన దినములు. ఖర్చును ప్రక్కన వేయుడు. పెట్రోలు, డీజిలు, కరెంటు అను భేదము లేక అన్నింటికిని వ్రాయుడు. ఏమియు చెడని బండ్లనుకూడ సంవత్సరమున కొకమారు వ్రాయుడు; లేనిచో పుస్తకము చెడ్డవారి పట్టిక యగును, లెక్క కాదు.

పది గ్రామముల సంఘములు రెండేండ్లు ఇట్లు వ్రాసినచో, మన దారులమీద, మన ఎండలో, మన బరువులతో నడచిన బండ్ల యథార్థ వృత్తాంతము లభించును. అప్పు మంజూరు చేయు కమిటీకి అది అమెరికా పట్టీకంటెను, గోడమీది బిరుదుకంటెను మిన్న. సంఖ్యలు కొద్దివైనపుడు తొందరపడి తీర్పు చెప్పరాదు. ఇద్దరి బండ్లు చెడినంతనే ఆ రకమును వెలివేయరాదు. కాని ఇద్దరివి పది, పది ఇరువది యగు కొలది పుస్తకము తానే మాటాడును.

పట్టీని నమ్మకుమనుట మా మతము కాదు. చదివి, తూచి, తనకు పనికివచ్చినంతవరకు తీసికొనుమనుటయే. కరెంటు బండి రాక తప్పదు. అది వచ్చునప్పుడు రైతు మోసపోక, భయపడక, లెక్కతో ఎదుర్కొనవలయును.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. నూటికి 190 లోపములనగా ఒక్క బండికి ఎన్ని? ఆ లోపములలో మీ పనిని ఆపునవి ఎట్టివి?

2. అమెరికా లెక్కకును జర్మనీ లెక్కకును తీర్పు ఏల భేదించినది?

3. మీ గ్రామమునందలి ఒక కరెంటు బండి బ్యాటరీమీది రెండు సంఖ్యలను వ్రాసికొని వచ్చి, అది నిండు బరువుతో ఎంత దూరము పోవునో కట్టుడు. యజమాని చెప్పు దూరముతో పోల్చుడు.

4. మీ యింట బ్యాటరీని ఛార్జి పెట్టుటకు తగిన చోటు ఏది? ఏల?

5. మన సంఘపు బండ్ల పుస్తకమును ఎవరు వ్రాయుదురు? ఏ దినమునుండి?